గోడకెక్కిన నా కాగితం

జిల్లాలు విడిపోయిన మరుసటి ఏడాది జూన్ మొదటి వారంలో నన్ను నల్లగొండ నుంచి సూర్యాపేటకు బదిలీ చేశారు. ఉద్యోగం పేరు ఆడియాలజిస్ట్ కమ్ స్పీచ్ థెరపిస్ట్. అంటే వినికిడి పరీక్ష చేసేదీ నేనే, మాటలు రాని పిల్లలకు మాటలు నేర్పేదీ నేనే. అంత పొడుగు పేరు ఎవరి నోట్లోనూ తిరిగేది కాదు. అటెండర్ దగ్గర్నుంచి క్యాంటీన్ అబ్బాయి దాకా అందరికీ నేను "చెవుల మేడమ్"నే. దవాఖాన వెనక బ్లాకులో, పసిపిల్లల్లో లోపాలను తొందరగా కనిపెట్టే కేంద్రంలో నాకొక గది ఇచ్చారు. నా పైన మెడికల్ ఆఫీసరు, నా కింద ఎవరూ లేరు. మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే ఉండిపోయింది గానీ అక్కడ నా పోస్టు ఖాళీగా ఉండడంతో నెలకు రెండు రోజులు ఆ క్యాంపు కూడా నా నెత్తినే పడింది.

నాకు కోపం ఎక్కువ. ఇది ముందే చెప్పడం మంచిది, ఈ సంగతిలో దానికీ పాత్ర ఉంది. ఇంకోటి కూడా చెప్పాలి. మేము చదువుకున్న రోజుల్లో మా గురువులు ఒక్కటే నూరిపోశారు. పిల్లలకు చేతి సైగలు అలవాటైతే నోటి మాట కోసం కష్టపడరు, కాబట్టి సైగలు దగ్గరికి రానివ్వొద్దు అని. థెరపీలో తల్లులను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోమనేదాన్ని. ఎవరైనా మరిచిపోయి చెయ్యి ఎత్తితే "చేతులు కిందికి!" అని అరిచేదాన్ని. ఇరవై ఆరేళ్లు అట్లా అరిచాను. అప్పటిదాకా ఎవరూ నన్ను ఎదురు ప్రశ్నించలేదు.

ఆ ఏడాది వానలు పడుతుండగా, ఒక సోమవారం ఓపీలోకి ముగ్గురు పెద్దవాళ్లు తొమ్మిది నెలల పాపను తీసుకుని వచ్చారు. ముందు నడిచింది సుగుణమ్మ. యాభై అయిదేళ్లుంటాయి. మిర్యాలగూడలో రైస్ మిల్లు పని, ఆదివారం చర్చిలో పాటలు. ఆమె వెనక కొడుకు ప్రసాద్, కోడలు జ్యోతి. ఇద్దరికీ పుట్టుకతోనే వినికిడి లేదు. కోదాడలో కిరాయి ఇంట్లో ఉంటారు. అతనిది వెల్డింగ్ పని, ఆమె ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. పాప పేరు కీర్తన. ఆ పేరు నానమ్మే పెట్టిందట, పెద్దయ్యాక తనతోపాటు చర్చిలో పాడాలని.

"మేడమ్, నా కొడుక్కు ఇనపడదు, కోడలికి ఇనపడదు. ఈ పిల్లకన్న ఇనపడతదా లేదా జర సూడుండ్రి" అంది సుగుణమ్మ.

పసిపిల్లలకు మేము చేసే పరీక్షలు రెండు. మొదటిది ఓఏఈ. చెవిలో మెత్తటి ప్లగ్గు పెట్టి చిన్న చిన్న శబ్దాలు పంపితే, బాగున్న లోపలి చెవి ఒక సన్నటి ప్రతిధ్వనిని వెనక్కి పంపుతుంది. దాన్ని మిషన్ పట్టుకుంటుంది. రెండోది బెరా. బిడ్డ నిద్రలో ఉండగా నుదుటికీ చెవుల వెనకా తీగలు అతికించి, శబ్దం మెదడు దాకా పోతుందో లేదో గీతల్లో చూస్తాం. కీర్తన మొదటి దాంట్లో రెండు చెవులా పాసైంది. అయినా ఇంట్లో ఇద్దరికి లోపం ఉంది కాబట్టి బెరా కూడా చేశాను. గీతలు చక్కగా వచ్చాయి. నేను బయటికొచ్చి "పాపకు బ్రహ్మాండంగా వినిపిస్తుందమ్మా" అన్నాను. సుగుణమ్మ అక్కడే బెంచీ మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. జ్యోతి అత్త ముఖం చూసి బెదిరిపోయి, ఏమైందన్నట్టు నా వైపు చెయ్యి తిప్పింది. నేను ఆమెకు సమాధానం చెప్పలేదు. మొగుడే ఏదో సైగ చేశాడు.

ఆ తర్వాత కేస్ హిస్టరీ రాయడం. నాలుగు పేజీల ఫారం. మొదటి పేజీలోనే "సమాచారం ఇచ్చినవారు" అని ఒక గడి ఉంటుంది. అందులో "నానమ్మ" అని రాశాను. కాన్పు ఎట్లా జరిగింది, పాలు ఎన్నాళ్లు తాగింది, ఎప్పుడు బోర్లా పడింది, అన్నీ సుగుణమ్మనే అడిగాను. బిడ్డను మోసి, కని, పెంచుతున్న మనిషి రెండడుగుల దూరంలో కూర్చుని మా ఇద్దరి పెదాల వంకా మార్చి మార్చి చూస్తున్నది. పదో తరగతి దాకా చదువుకున్న మనిషి. ఒక కాగితం ముక్క మీద రాసి అడగొచ్చన్న ఆలోచనే నాకు రాలేదు.

సుగుణమ్మ అసలు భయం అప్పుడు బయటపెట్టింది. "ఇనపడితె సాలదు గదా మేడమ్, మాట రావాలె గదా. ఆ ఇంట్ల మాట్లాడేటోళ్లెవరు? పొద్దందాక చేతులు తిప్పుడే. ఈ పిల్ల గూడ తిప్పుతున్నది. సూడుండ్రి, గిట్ల" అని పాప వైపు చూపించింది. కీర్తన తల్లి వైపు చూస్తూ పిడికిలి మూసి తెరిచి, మూసి తెరిచి చేస్తున్నది. జ్యోతి వెంటనే పాపను ఒళ్లోకి తీసుకుని, కొంగు కప్పి పాలిచ్చింది. నా కళ్ల ముందే తొమ్మిది నెలల పిల్ల పాలు అడిగింది, తల్లి ఇచ్చింది. నేను మాత్రం దాన్ని ఒక చెడ్డ అలవాటుగా చూశాను.

ఫైల్లో సలహా రాసి, దానికి కాపీ తీసి, ముద్ర వేసి సుగుణమ్మ చేతికిచ్చాను. ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "బిడ్డకు వినికిడి మామూలుగా ఉన్నది. మాటలు రావడానికి మాట్లాడే మనుషుల మధ్య పెరగడం అవసరం. రెండేళ్లు నిండే వరకు మాట్లాడే బంధువుల వద్ద ఉంచడం మంచిది. బిడ్డ ముందు సైగలు చేయరాదు." నాలుగు వాక్యాలు. రాయడానికి నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. బయట ఇంకా పదిహేను మంది లైన్లో ఉన్నారు.

మూడున్నర నెలల తర్వాత మిర్యాలగూడ క్యాంపులో సుగుణమ్మ మళ్లీ కనిపించింది. చంకలో కీర్తన ఒక్కతే ఉంది. పిల్ల ఒళ్లు చేసింది, కొత్త గౌను వేసుకుంది. రెండు చేతులకూ మణికట్టు దగ్గర నాడాతో కట్టిన తెల్లటి గుడ్డ సంచులున్నాయి. పురిటి పిల్లలు ముఖం గీరుకోకుండా కడతారే, అట్లాంటివి. పదమూడో నెలలో పడిన పిల్లకు అవెందుకో నాకు అర్థం కాలేదు.

"మీరే చెప్పిన్రు గద మేడమ్, సైగలు చెయ్యొద్దని" అంది సుగుణమ్మ గర్వంగా. "ఆ పొద్దు బస్టాండులనే పిల్లను నేను తీస్కున్న. ఒగటే మొండి పిల్ల, రాంగనే పిడికిలి ఊపుడు, ముక్కు కాడ వేలు పెట్టుడు. సంచులు కట్టిన. నెల దినాలల్ల అన్నీ బంద్ అయినయ్. మీ కాగితం లామినేషన్ చేపిచ్చి గోడకు పెట్టిన. వచ్చినోళ్లందరికీ సూపిస్త."

సంచులు నేనే విప్పాను. లోపల అరచేతులు చెమటకు తెల్లగా నాని ఉన్నాయి. విప్పాక పిల్ల చేతులు ఆడిస్తుందేమోనని చూశాను. ఆడించలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, నా థెరపీ గదిలో తల్లులు కూర్చున్నట్టే. "తాత", "అత్త" లాంటి మాటలు ఏమైనా వచ్చాయా అని అడిగాను. "రాలే మేడమ్. మునుపు 'బబబ' అని మోగేది, ఇప్పుడు అది గూడ తగ్గింది" అంది. బొమ్మ చూపించినా, గిలక్కాయ ఊపినా, పిల్ల చూసి ఊరుకుంటున్నది. ఏదీ కావాలని అడగడం లేదు.

నాకు తెలిసిపోయింది. తెలియలేదని ఇప్పుడు బుకాయిస్తే అది అబద్ధం. కానీ ఆ రోజు నేను చేసిందల్లా "సంచులు కట్టకు, అది నేను చెప్పలేదు" అని సుగుణమ్మనే కసురుకోవడం. రాసింది నేనే కదా అన్న మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఫైల్లో "పరిశీలనలో ఉంచాలి" అని రాశాను. ఏం చేయాలో తోచనప్పుడు ఆఫీసులో మేమందరం రాసుకునే మాట అది.

తర్వాతి వారం సూర్యాపేటలో, పదకొండు గంటల వేళ, జ్యోతి ఒక్కతే నా గదిలోకి వచ్చింది. లైన్లో ఉన్నవాళ్లు "ఓ అమ్మా, చీటీ తీస్కున్నవా?" అని వెనక నుంచి అరుస్తున్నారు. ఆమెకు వినిపించదు కదా, నేరుగా వచ్చి నా టేబుల్ మీద ఒక నోటుబుక్కు తెరిచి పెట్టింది. అందులో రాసి ఉంది: "పాప నాది. నువ్వు రాసిన. నువ్వు తీయ్."

నాకు కోపం వచ్చింది. "నువ్వు" అన్నందుకా, చీటీ లేకుండా వచ్చినందుకా, ఆమె అడిగింది న్యాయమైనందుకా, ఇప్పుడు ఆలోచిస్తే మూడోదే. అదే పుస్తకంలో "తర్వాత రా" అని రాసి జరిపాను. ఆమె కూర్చుని మళ్లీ రాసింది. పెన్ను కాగితం చిరిగేట్టు నొక్కుతున్నది. "పుట్టినరోజు నేను పోయిన. అత్త గోడ కాగితం చూపించిన. చేతులు కింద. నేను చేతులు కాళ్ల కింద పెట్టి కూర్చున్న. పాప చూసిన, చూసిన, వేరే వైపు తిరిగిన." దాని కింద ఇంకో వాక్యం: "నాకు పాలు ఎండిపోయినయ్."

నేను ఆ రోజు ఓపీ గంటసేపు ఆపేశాను. ఇరవై ఆరేళ్లలో అది మొదటిసారి. కొత్త ఫారం తీసి, కాగితం మీద రాసి జ్యోతిని అడగడం మొదలుపెట్టాను. ఆమె రాసి జవాబిచ్చింది. ఆ మొదటి రోజు నానమ్మ చెప్పిన వాటిల్లో సగం తప్పులని అప్పుడు తేలింది. పాప ఎనిమిదో నెల నుంచే పాలకు, దీపానికి, అమ్మకు వేరువేరు సైగలు చేసేదట. అమ్మకు సైగ ముక్కుపుడక దగ్గర వేలు. సుగుణమ్మ ముక్కు కాడ వేలు పెట్టుడు అన్నదే, అదే. మిర్యాలగూడకు తీసుకుపోయిన మొదటి నెలంతా ఆ పిల్ల అమ్మ ఏదని అడుగుతూనే ఉందన్నమాట.

మా పనిలో ఇంటి పరిశీలన అని ఒకటుంది. సలహా ఇచ్చే ముందు బిడ్డ పెరిగే ఇల్లు చూసి రావాలి. రూలు పుస్తకంలో ఉంది, చేసేవాళ్లం తక్కువ. నేను కీర్తన విషయంలో దాన్ని సలహా ఇచ్చిన నాలుగు నెలలకు చేశాను. ఆ శనివారం బస్సెక్కి కోదాడ వెళ్లాను.

రెండు గదుల పోర్షను. గోడ అవతల ఇంటి ఓనరు సీతమ్మ ఉంటుంది. నేను గుమ్మంలో చెప్పులు విప్పకముందే ఆమె వచ్చేసింది. "మీరేనా ఆ కాగితం రాసింది? రండి రండి, కూర్చోండి. మంచినీళ్లు తాగి అప్పుడు తిట్లు తినండి" అంది. జ్యోతితో మూడేళ్లుగా గోడకు గోడ కలిపి ఉండడంతో సీతమ్మకు సైగలు బాగా వచ్చు. ఆ రోజంతా మా ఇద్దరి మధ్య ఆమే దుబాసి.

"ఈ ఇంట్లో మాటలు వినపడవని ఎవరు చెప్పారండీ మీకు? పొద్దున లేచింది మొదలు ఆ పిల్ల నా చంకలోనే ఉండేది. నా నోరు మూతపడేదెప్పుడో మా ఆయన్నడగండి, చెబుతారు. ఒక్కసారి, ఒక్కసారి ఇక్కడికొచ్చి చూసి రాయొచ్చుగా మేడం గారూ?"

నేను తల దించుకున్నాను.

జ్యోతి తన ఫోన్ తీసి వీడియోలు చూపించింది. పిల్లను పంపకముందు తీసినవి. ఒకదాంట్లో కరెంటు పోయి వచ్చింది. పైకి చూసి కీర్తన వేళ్లు ముడిచి, మొగ్గ విప్పినట్టు తెరిచింది. దీపం. ఇంకో దాంట్లో కుట్టుమిషన్ పక్కన చాప మీద కూర్చుని పిడికిలి ఊపుతున్నది. పాలు. జ్యోతి వాటిని పిల్ల సైగల కోసం దాచుకుంది. కానీ నేను వింటున్నది వేరే. వీడియో వెనకాల సీతమ్మ గొంతు గలగలా మోగుతున్నది, "ఏమే బంగారం, అమ్మ మిషన్ తొక్కుతుందా, టకటకటక" అని. దానికి కీర్తన "టటట, బబబ" అని గట్టిగా, సాగదీసి, కేరింతలు కొడుతూ బదులిస్తున్నది. తొమ్మిది నెలలకు ఎంత మోగాలో అంతా మోగుతున్నది. నాకు కావలసిన సాక్ష్యమంతా ఆ ఫోన్‌లోనే ఉంది, ఎన్నిసార్లు చూసినా దాన్ని వినలేని తల్లి చేతిలో.

"ఈ వీడియోలో పాప మాట్లాడుతోందని ఆమెకు చెప్పండి" అన్నాను సీతమ్మతో. సీతమ్మ చెప్పింది. జ్యోతి ఫోన్ నా చేతిలోంచి తీసుకుని తెర వంక చాలాసేపు చూసింది. తర్వాత సీతమ్మ వైపు తిరిగి ఏదో అడిగింది. సీతమ్మ నా వైపు తిరిగింది. "ఎట్లా ఉంటుంది అని అడుగుతోందండీ, పాప గొంతు." జ్యోతి చెయ్యి తీసుకుని ఆమె మిషన్ చెక్క మీద ఆనించి, వేళ్లతో చెక్క మీద టకటకా కొట్టి, ఇట్లా, కానీ ఇంకా తేలికగా అని చూపించాను. నా కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. నలుగురి ముందు ఏడవడం నాకు నచ్చదు, అయినా ఏడ్చాను.

సూర్యాపేట వచ్చి మెడికల్ ఆఫీసరు గారికి అంతా చెప్పాను. ఆయన మంచివాడే. "రివ్యూకి పిలవండి, బిడ్డను తల్లి దగ్గరికి పంపమని రాయండి. కానీ మునుపటిది తప్పు అని రాయాల్సిన పని లేదు. 'బిడ్డ ప్రగతిని బట్టి సలహా సవరించడమైనది' అంటే సరిపోతుంది. రేపు ఎవరైనా ఫైలు అడిగితే మీకే ఇబ్బంది" అన్నారు. ఫైల్లో ఒకసారి రాసింది కొట్టేయకూడదు, కింద కొత్త తేదీ వేసి రాసి సంతకం పెట్టాలి. నేను ఆయన చెప్పినట్టే డ్రాఫ్టు రాసిపెట్టుకున్నాను. నా పరువు కూడా దక్కుతుందనిపించింది, దాచడమెందుకు.

రివ్యూ రోజున అందరూ వచ్చారు. సుగుణమ్మ కీర్తనను ఎత్తుకుని ఒక మూల, జ్యోతి, ప్రసాద్ ఇంకో మూల. దుబాసిగా సీతమ్మ. నేను డ్రాఫ్టు చదవమని ముందు జ్యోతికిచ్చాను. ఆమె రెండుసార్లు చదివి నాకు తిరిగిచ్చేసింది. తల అడ్డంగా ఊపి సీతమ్మతో చేతులు వేగంగా కదిలించింది.

"ఇది వద్దంటోంది మేడం గారూ. ఇందులో మొదటి కాగితం తప్పని లేదు కదా. రేపు పాపకు ఒక మాట ఆలస్యమైతే అత్తమ్మ మళ్లీ ఆ గోడ మీది కాగితమే తెస్తుంది, మళ్లీ పాపను తీసుకుపోతుంది. తప్పు అయితే తప్పు అని రాయమంటోంది."

ముఖం వేడెక్కింది నాకు. "ఎట్లా రాయాలో నాకు తెలుసు" అన్నాను. అది నా నోట్లోంచి వచ్చేసింది. సీతమ్మ దాన్ని సైగ చేయకుండా ఊరుకుంది. జ్యోతి మాత్రం నా ముఖం చూసి ఎప్పుడో అర్థం చేసుకుంది. కదలకుండా నిలబడి నా పెన్ను వైపే చూస్తున్నది.

సుగుణమ్మ కల్పించుకుంది. ఆమె గొంతులో పంతం లేదు, భయమే ఉంది. "మేడమ్, నన్ను రాక్షసిని అనుకోకుండ్రి. నా కొడుక్కు ముప్పై ఏండ్లు. వాడు ఏమనుకుంటడో, వాని కడుపుల ఏముందో నాకు ఒక్క దినమన్న తెల్వలే. అన్నం తిన్నవా అని సెయ్యి సూపిస్త, తిన్న అని తలకాయ ఊపుతడు. గంతే, ముప్పై ఏండ్లల్ల మా మాట గంతే. ఈ పిల్లతోనన్న మాట్లాడాలని ఆశ పడ్డ. నాదేం తప్పు?"

సీతమ్మ ఇది కూడా సైగల్లో చెప్పింది. ప్రసాద్ తల్లి వైపు చూశాడు. ఆ చూపు నేను మరిచిపోలేను. కొడుకుతో సైగలు చేయొద్దని ముప్పై ఏళ్ల కింద ఆమెకు చెప్పింది నాలాంటి మేడమే అయి ఉంటుంది. మా గురువుల కాలం అది.

డ్రాఫ్టు చింపేశాను. ఫైల్లో తేదీ వేసి రాశాను. "నా మునుపటి సలహా తప్పు. తల్లిని అడగకుండా, ఇల్లు చూడకుండా రాసినది. బిడ్డ తల్లిదండ్రుల వద్దే ఉండాలి. వారు సైగలతోనే మాట్లాడాలి. ఇరుగుపొరుగు వారి వల్ల నోటి మాటలు కూడా వస్తాయి. రెండు భాషలూ బిడ్డవే." సంతకం పెట్టి కాపీకి ముద్ర వేసి, ఈసారి జ్యోతి చేతికిచ్చాను. "సమాచారం ఇచ్చినవారు" అన్న గడిలో "తల్లి" అని రాశాను.

ఇక్కడితో అంతా సర్దుకుందని రాస్తే బాగుంటుంది గానీ, జరిగింది అది కాదు. జ్యోతి చేతులు చాపగానే కీర్తన గుక్కపట్టి ఏడ్చి నానమ్మ మెడ కరుచుకుంది. నాలుగు నెలలంటే ఆ వయసుకు చాలా పెద్ద కాలం. జ్యోతి ముఖం పాలిపోయింది, అయినా లాక్కోలేదు. వెనక్కి జరిగి, నా గదిలోని బొమ్మల చాప మీద కూర్చుంది. ముక్కుపుడక మీద వేలు పెట్టింది. తీసింది. మళ్లీ పెట్టింది. పిల్ల ఏడుపు ఆపి, నానమ్మ భుజం మీద నుంచి ఆ వేలునే చూస్తున్నది. చాలాసేపు గడిచింది. ఆపైన కీర్తన కుడి చెయ్యి నానమ్మ మెడ వదిలి కిందికి దిగింది. పిడికిలి మూసింది. తెరిచింది. మళ్లీ మూసింది.

"ఏమంటున్నది మేడమ్? ఏం గావాలట?" అంది సుగుణమ్మ. నాలుగు నెలలు పక్కలో పడుకోబెట్టుకున్న పిల్ల గురించి ఆమె నన్ను అడిగింది.

"పాలు అడుగుతున్నది, వాళ్లమ్మను" అన్నాను.

జ్యోతి పిల్ల చేతిని చూసింది, తన జాకెట్టు వైపు చూసుకుంది, తల దించేసింది. ఇవ్వడానికి ఆమె దగ్గర లేవు. అవి ఎండిపోవడానికి కారణం నేను. సుగుణమ్మ భుజాన ఉన్న సంచిలోంచి పాల సీసా తీసింది. పిల్ల నోటికి తనే పెట్టబోయి ఆగి, చాప దగ్గరికి నడిచి, సీసాను కోడలి చేతిలో పెట్టింది. పిల్లను ఆమె ఎదురుగా దించింది. కొడుకు వైపు తిరిగి, అలవాటు లేని చేతిని గాల్లోకి ఎత్తి, పిడికిలి మూసి తెరిచి, ఇదేనా అన్నట్టు చూపించింది. ప్రసాద్ తల ఊపి, తల్లి పిడికిలిని తన చేత్తో పట్టుకుని సరిచేశాడు.

ఆ తర్వాత మూడు నెలలకోసారి కీర్తనను చూశాను. రెండేళ్లకు నోటితో రెండేసి మాటలు కలిపింది, చేతితో మూడేసి. సుగుణమ్మ నెలకొకసారి కోదాడ వచ్చి కొడుకు దగ్గర సైగలు నేర్చుకుంటున్నదనీ, ఒక సైగకు బదులు ఇంకోటి చేసి అందర్నీ నవ్విస్తున్నదనీ సీతమ్మ ఫోన్లో చెప్పేది. నేను రిటైరయ్యే దాకా నా గదిలో తల్లులెవరూ చేతులు ఒళ్లో కట్టుకుని కూర్చోలేదు. వినికిడి లేని బిడ్డలకూ ఒక పక్క చెవి మిషను, థెరపీ నడుస్తుంటే, ఇంకో పక్క మొదటి నెలల నుంచే సైగలు నేర్పమని చెప్పాను. ఫారంలో ఆ గడి నింపే ముందు బిడ్డను కన్నవాళ్లను అడిగాను, మాట్లాడితే మాటతో, లేకపోతే కాగితం మీద, అదీ కాకపోతే సైగలు తెలిసిన మనిషిని పిలిపించి. ఒక్కో కేసుకు పావుగంట ఎక్కువ పడుతుంది. ఆ పావుగంట ఆదా చేసుకున్నందుకు ఒక తల్లికి నాలుగు నెలలు పోయాయి. ఈ ఉదంతం నాకు నేర్పింది అంతే. అది తెలియడానికి ఇరవై ఆరేళ్లు పట్టింది.

రివ్యూ జరిగిన వారానికి జ్యోతి ఫోన్‌లో ఒక ఫోటో పంపింది. నేను రాసిన రెండో కాగితాన్ని కూడా లామినేషన్ చేయించి కుట్టుమిషన్ పైన గోడకు తగిలించింది. మొదటి దాన్ని అత్త దగ్గర అడిగి తెచ్చుకుని పక్కనే పెట్టింది. తీసేయమని నేను అడగలేదు. రెండింటి కిందా ఉన్నది నా సంతకమే.